విశాఖ – భీమిలి బీచ్ రోడ్డు ఒక్క రోజులో: ఏది ముందు, ఏది తర్వాత?

నడకదారి
అందరికీ నమస్కారం. డిసెంబరులో ఒక రోజంతా విశాఖ నుంచి భీమిలి దాకా బీచ్ రోడ్డు మీద తిరగాలని అనుకుంటున్నాం. సొంత కారు ఉంది. ఐదుగురం. వారిలో 68 ఏళ్ళ మా అత్తయ్యకు మోకాళ్ళ నొప్పులు, పిల్లలిద్దరికీ పదేళ్ళు దాటాయి. చూడాలనుకున్నవి: తొట్లకొండ, బావికొండ బౌద్ధారామాలు, మంగమారిపేట శిలాతోరణం, ఎర్రమట్టి దిబ్బలు, పావురాలకొండ బౌద్ధ శిథిలాలు, భీమిలి డచ్ సమాధులు. కైలాసగిరి, సబ్‌మెరైన్ మ్యూజియం ఈసారి వద్దనుకున్నాం. ఉదయం 6 గంటలకు ఆర్కే బీచ్ దగ్గర బయల్దేరి రాత్రి 7 గంటలకు తిరిగి చేరాలి. బహుళ అష్టమి మరునాడు శనివారం, ఆ రోజు అనుకున్నాం. ఏ వరసలో వెళ్ళాలి, దేన్ని వదిలేయాలి?

గోస్తని గట్టు
నడకదారి గారూ, జాబితాలో ఒకటి ఎక్కువైంది. బావికొండ, పావురాలకొండల్లో ఏదో ఒకటి వదిలేయండి. రెండూ పెట్టుకుంటే ఏదీ తీరిగ్గా చూడలేరు.

ఈ దారిలో దూరం పెద్ద లెక్క కాదు. ఆర్కే బీచ్ నుంచి రుషికొండ 10–11 కిలోమీటర్లు, తొట్లకొండ 15–16, ఎర్రమట్టి దిబ్బలు సుమారు 20, భీమిలి 25. ఆగకుండా పోతే గంట కూడా పట్టదు. లెక్క చూసుకోవాల్సింది వెలుతురు. మనది తూర్పు తీరం, పైగా దేశానికి తూర్పువైపున ఉన్నాం. డిసెంబరులో పొద్దు 6:15–6:20కి పొడుస్తుంది, సాయంత్రం 5:25కల్లా కుంగిపోతుంది. హైదరాబాద్ అలవాటుతో "ఆరింటిదాకా వెలుగుంటుంది కదా" అనుకునేవాళ్ళు దిబ్బల మధ్య చీకట్లో చిక్కుకునేది అందుకే.

నా వరస ఇది: ఎండ ఎక్కకముందు తొట్లకొండ, పది గంటలకు భీమిలి, అక్కడే భోజనం, తిరుగు దారిలో 3:30కి ఎర్రమట్టి దిబ్బలు, చీకటి పడేలోగా రుషికొండ. వెనక్కీ ముందుకీ తిరిగే పని లేదు.

లాంతరు
గట్టు గారి వరసతో నాకు పేచీ ఉంది. భీమిలిని పది గంటలకు చూస్తే సగం పోయినట్టే. తెల్లవారి పడవలు ఒడ్డుకు వచ్చే వేళ, వీధుల్లో రద్దీ లేని వేళ, సమాధి రాళ్ళ మీద ఏటవాలు వెలుతురు పడే వేళ అన్నీ 7–8:30 మధ్యే. సూర్యుడు నడినెత్తికి వచ్చాక రాతి మీద చెక్కిన అక్షరాలు కనిపించవు. ముందు నేరుగా భీమిలి వెళ్ళిపోయి, అక్కడి నుంచి దక్షిణంగా దిగుతూ రావడం మేలు. తొట్లకొండ గేటు దగ్గర టికెట్ పద్ధతి ఉంది, తెల్లవారుజామున తెరిచి ఉండదు. భీమిలి వీధులకు ఆ బాధ లేదు.

తెరచాప
మీరిద్దరూ ఎండను చూస్తున్నారు. నేను నీటిని చూడమంటాను. మంగమారిపేట శిలాతోరణం జాబితాలో ఉందంటే రోజంతా దాని చుట్టూనే కట్టుకోవాలి. ఎందుకంటే అది పాటు వేళకే, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడే చక్కగా బయటపడుతుంది. పోటు మీద వెళితే నురగలో రాతి పైభాగం చూసి వెనక్కి రావడమే.

విశాఖ తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. పోటుకూ పాటుకూ మధ్య ఆరు గంటల పైచిలుకు. ప్రతి రోజూ వేళ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో నీటి ఎత్తుల మధ్య తేడా దాదాపు మీటరున్నర ఉంటుంది. అష్టమి, నవములకు అది అర మీటరు దాకా పడిపోతుంది. సూర్యుడు, చంద్రుడు ఒకే వరసలో ఉన్నప్పుడు రెండింటి లాగుడూ కలుస్తుంది. అష్టమికి లంబంగా ఉంటాయి కాబట్టి ఒకదాని బలాన్ని ఒకటి తగ్గిస్తుంది.

మీరు చెప్పిన బహుళ అష్టమి మరునాడు తోరణానికి అసలు పనికిరాదు. పాటు వేళకు వెళ్ళినా నీరు పెద్దగా వెనక్కి పోదు. వీలుంటే వచ్చే అమావాస్య మరునాటికి మార్చుకోండి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఇక్కడ పోటు ఇంచుమించు ఉదయం 8–9 మధ్య, పాటు మధ్యాహ్నం 2–3 మధ్య వస్తుంది. ఆ రోజు సరైన నిమిషం కావాలంటే హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (జాతీయ సముద్ర సమాచార కేంద్రం) సైట్‌లో విశాఖ పోటుపాట్ల పట్టిక చూడండి. పాటుకు ముప్పావుగంట ముందు చేరి, నీరు తిరగగానే పైకి వచ్చేయాలి. ఆ రాళ్ళ మీద నాచు ఉంటుంది. రబ్బరు చెప్పులతో దిగొద్దు, వెనక పట్టీ ఉన్న చెప్పులో బూట్లో వేసుకోండి. తోరణం పైకి ఎక్కడం, కింద నిలబడి ఫొటో దిగడం రెండూ వద్దు. అలలు అడుగు నుంచి తొలిచిన రాయి అది, ఎప్పుడు ఏ ముక్క ఊడుతుందో చెప్పలేం.

నడకదారి
తెరచాప గారూ, తేదీ మార్చడం కష్టం కాదు. అమావాస్య తర్వాతి ఆదివారానికి జరుపుతాం. మధ్యాహ్నం 2:30కి మంగమారిపేటలో ఉండాలంటే లాంతరు గారి వరసే కుదిరేలా ఉంది: పొద్దున భీమిలి, తర్వాత తొట్లకొండ, తోరణం, దిబ్బలు. దిబ్బల కోసం మళ్ళీ ఉత్తరంగా నాలుగైదు కిలోమీటర్లు వెళ్ళాలి కదా?

గోస్తని గట్టు
వెళ్ళాలి. పది నిమిషాల పని, ఏం ఫరవాలేదు. తోరణం ఉంటే లాంతరు గారిదే సరైన వరస. డిసెంబరు కాబట్టి పదకొండింటికి తొట్లకొండ ఎక్కినా తట్టుకోవచ్చు. ఇదే మార్చి తర్వాతైతే నేను ఒప్పుకోను. అప్పుడు కొండ మీద రాయి కాలుతుంది, గాల్లో తడి ఎక్కువై చెమట ఆరదు.

ఇటుకల లెక్క
తొట్లకొండకు గంటన్నర ఉంచుకోండి. చాలామంది స్తూపం దగ్గర, సముద్రం కనిపించే అంచు దగ్గర ఫొటోలు దిగి ఇరవై నిమిషాల్లో దిగిపోతారు. అక్కడ అసలు చూడాల్సింది ఒక బౌద్ధారామం రోజువారీ ఎలా నడిచిందన్నది, అది స్తూపం ఒక్కదానిలో కనిపించదు.

సముద్ర మట్టానికి 128 మీటర్ల ఎత్తు, సుమారు 120 ఎకరాల ఆవరణ. నౌకాదళం స్థావరం కోసం విమాన సర్వే చేస్తుండగా శిథిలాలు బయటపడ్డాయి. 1988 నుంచి 1990ల మొదటి ఏళ్ళ వరకు రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వింది. ఇంచుమించు క్రీస్తు పూర్వం 2వ శతాబ్దం నుంచి క్రీస్తు శకం 2–3 శతాబ్దాల దాకా భిక్షువులు ఇక్కడ ఉన్నారు. వీరిది థేరవాదం అనే పాత బౌద్ధ శాఖ. అందుకే పెద్ద పెద్ద బుద్ధ విగ్రహాల కోసం వెతక్కండి. పూజ స్తూపానికి, పాదముద్రలకు జరిగేది.

చూసే వరస చెబుతాను. ముందు రాతిని తొలిచిన తొట్లు చూడండి. కొండ మీద ఊట లేదు, వాన నీళ్ళే ఆధారం. నేల ఎటు వాలుగా ఉందో, నీరు ఎటు నుంచి వచ్చి తొట్టిలో పడేదో నిలబడి గమనించండి. పిల్లలకు ఇది బాగా పడుతుంది. తర్వాత విహారాల గదులు: మధ్యలో ఖాళీ జాగా, చుట్టూ ఒక్కొక్కరికి ఒక్కో గది. గుమ్మాల వరస, గది కొలత చూస్తే ఒక మనిషి పడుకుని, కూర్చుని చదువుకోవడానికి సరిపోయేంతే. తర్వాత రాతి స్తంభాల సమావేశ మందిరం. అక్కడి నుంచి వంటశాల, భోజనశాల భాగం. ఆఖరున గజపృష్ఠ ఆకారపు (ఏనుగు వెనక భాగంలా ఒక చివర గుండ్రంగా ఉండే) చైత్యం, అంటే పూజా మందిరం, గుండ్రటి చైత్యాలు, మహాస్తూపం. మొక్కుబడి స్తూపాలు చుట్టూ చిన్నచిన్నగా ఉంటాయి, వాటి మీద అడుగు పెట్టకండి.

గోడల్లో అడుగు వరసలు పాతవి, పై వరసలు సంరక్షణలో పేర్చినవి. మహాస్తూపం 2019 అక్టోబరు వానలకు కొంత కూలితే తిరిగి కట్టారు. కాబట్టి ఇప్పుడు కనిపించే నునుపు అంచంతా రెండు వేల ఏళ్ళ నాటిది కాదు. పిల్లలకు ఆ తేడా చూపించి చెప్పడం చాలా అవసరం.

తవ్వకాల్లో శాతవాహనుల సీసపు నాణేలు, రోమన్ వెండి నాణేలు, బ్రాహ్మీ శాసనాలు దొరికాయి. కొండ అంచున నిలబడి చూస్తే కారణం తెలుస్తుంది. కింద ఓడలు నడిచే తీరం. ఆ వర్తకుల దానాలతోనే ఈ ఆరామాలు నిలిచాయి, వర్తకం సన్నగిల్లాక ఇవీ సన్నగిల్లాయి.

మీ అత్తయ్య గారికి ఇబ్బంది లేదు. కారు పైదాకా వెళుతుంది. పైన నేల చాలావరకు చదునే. ఒక మడత కుర్చీ తీసుకెళ్ళండి. నీడ తక్కువ, గొడుగు తప్పనిసరి.

నడకదారి
చాలా ఉపయోగపడింది ఇటుకల లెక్క గారూ. మరి బావికొండా, పావురాలకొండా?

ఇటుకల లెక్క
తొట్లకొండ బాగా చూస్తే బావికొండ ఈ రోజుకు వదిలేయవచ్చు. అమరిక దాదాపు అలాంటిదే. 1982–87 మధ్య తవ్వారు. అక్కడ స్తూపంలో ధాతుపాత్ర, అందులో బుద్ధుడివని భావించే అస్థిశకలాలు దొరికాయి, దాని ప్రత్యేకత అది. కానీ బీచ్ రోడ్డు వదిలి లోపలికి తిరగాలి, గంటన్నర పోతుంది. బౌద్ధం మీదే ప్రత్యేకంగా ఆసక్తి ఉంటే మరో రోజు తొట్లకొండ, బావికొండ కలిపి చూడండి.

లాంతరు
పావురాలకొండ పిల్లలతో ఎక్కండి, అత్తయ్య గారు కింద ఉంటారు. భీమిలి ఊరికి ఆనుకునే ఉంది కాబట్టి దారి మళ్ళే పని లేదు. నరసింహస్వామి గుడి ఉండటంతో ఊళ్ళో నరసింహస్వామి కొండ అని అడిగితే చూపిస్తారు. మెట్లు ఎక్కి గుడి దాటి పైకి పోతే రాతిలో తొలిచిన తొట్లు, ఇటుక శిథిలాలు ఉంటాయి. తొట్లకొండంత తీర్చిదిద్దిన చోటు కాదు. దారి పొదల్లో ఉంటుంది, పూర్తి ప్యాంటు వేసుకోండి, వాన పడిన మర్నాడు వెళ్ళకండి. గంటంబావు చాలు. పైనుంచి ఒకవైపు గోస్తని నది సముద్రంలో కలిసే చోటు, ఇంకోవైపు ఊరు కనిపిస్తాయి. భీమిలి ఇక్కడే ఎందుకు పుట్టిందో ఆ దృశ్యం చూస్తే అర్థమవుతుంది.

ఇక ఊరు. డచ్ ఈస్టిండియా కంపెనీ 17వ శతాబ్దంలో ఇక్కడ స్థావరం పెట్టింది. మచిలీపట్నం, పులికాట్, పాలకొల్లు, కాకినాడ జగన్నాథపురం కూడా వాళ్ళ స్థావరాలే. ఈ తీరంలో నేసిన బట్ట వాళ్ళకు ముఖ్యమైన సరుకు. ఇంగ్లీషువాళ్ళతో 1824లో కుదిరిన ఒప్పందం మేరకు 1825లో ఊరు వాళ్ళ చేతికి వెళ్ళింది. పురపాలక సంఘం 1861లో ఏర్పడింది. దేశంలోకెల్లా పాతవాటిలో ఒకటి.

ఇక్కడ ఓడ ఒడ్డుకు ఆనుకునే రేవు లేదు. ఓడలు దూరంగా లంగరు వేసేవి, సరుకును పడవల్లో అలలు దాటించి చేరవేసేవారు. గోగునార బయటి దేశాల్లో బిమ్లీ జూట్ పేరుతో అమ్ముడైంది ఈ ఊరి నుంచే. 1933లో విశాఖలో లోపలి హార్బరు తెరిచాక ఓడలు నేరుగా గట్టుకు ఆనుకోగలిగాయి, భీమిలి వ్యాపారం అటు మళ్ళింది. ఇప్పుడు కనిపించే పాత బంగళాలు, గోదాముల గోడలు, దీపస్తంభం ఆ రోజులవి.

ఇలా నడవండి: దీపస్తంభం, తీరం, డచ్ సమాధులు, గంటస్తంభం, సెయింట్ పీటర్స్ చర్చి. అన్నీ కాలినడకన అందేంత దగ్గరే. కారు ఒకచోట వదిలి గంటన్నరలో ముగించవచ్చు. సమాధుల గేటు మూసి ఉంటే గోడ ఎక్కకండి, పక్కన అడిగితే ఎవరి దగ్గర తాళం ఉందో చెబుతారు. కొన్ని సమాధులు నిలువు శిఖరంలా, కొన్ని పలకల్లా ఉంటాయి. ఎక్కువ 17, 18 శతాబ్దాలవి.

రాతి మీద అక్షరాలు చదవాలంటే సుద్ద రుద్దడం, నీళ్ళు పోయడం, నూనె రాయడం ఏదీ చేయకండి. ఉప్పుగాలికి రాతి పై పొర అసలే పొట్టుగా లేస్తుంటుంది, రుద్దితే రాలుతుంది. టార్చి లైటును పలకకు పక్కన, దాదాపు సమాంతరంగా పట్టండి. చెక్కిన గీతల్లో నీడ పడి అక్షరాలు తేలతాయి. ఒక ఫొటో ఎడమ నుంచి వెలుగుతో, ఇంకొకటి పై నుంచి వెలుగుతో తీస్తే ఇంటికి వెళ్ళాక కూడా చదవొచ్చు.

ఎర్రమన్ను
దిబ్బల గురించి వివరంగా చెప్పాలి. ఈ తీరం మొత్తంలో సులువుగా పాడయ్యే చోటు అదే.

భారత భూవిజ్ఞాన సర్వే సంస్థ 2014లో దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. ఇలాంటి ఎర్ర ఇసుక తమిళనాడు తేరి నేలల్లో, శ్రీలంకలో ఉంది, దక్షిణాసియాలో ఇంకెక్కడా పెద్దగా లేదు. గత మంచుయుగం చివర్లో సముద్రమట్టం ఇప్పటికంటే వంద మీటర్లకు పైగా కిందికి పోయింది. ఒడ్డు సముద్రం వైపు చాలా దూరం జరిగి, ఆరిన ఇసుక బయటపడింది. గాలి దాన్ని నేల వైపు మోసుకొచ్చి గుట్టలు పోసిందని, వాగుల మేట కూడా కలిసిందని భూవిజ్ఞానుల వివరణ. ఆ ఇసుకలోని ఇనుప ఖనిజాలు వాన నీటికి మారి రేణువుల చుట్టూ హెమటైట్ అనే ఇనుప ఆక్సైడు పూత పట్టింది. ఎరుపు అదే. పసుపు, గోధుమ రంగుల పొరలు కూడా కనిపిస్తాయి, గమనించండి.

ఇది రాయి కాదు. సన్నటి బంకమట్టి రేణువులు పట్టి ఉంచిన ఇసుక. ఎండినప్పుడు గట్టిగా నిలువు గోడలా నిలబడుతుంది, తడిస్తే కరిగి జారుతుంది. అందుకే వాన నీరు కోసిన లోతైన గండ్లు, కొమ్మలు చీలినట్టు చీలుతూ పోతాయి. కొన్నిచోట్ల గోడలు మనిషికి నాలుగైదింతల ఎత్తుంటాయి. గోడ అంచు మీద మీరు నిలబడితే మీ బరువుకే అంచు విరుగుతుంది. అడుగు పెట్టిన చోట పై పొర చిట్లి, తర్వాతి వానకు అక్కడే కొత్త గండి పడుతుంది.

కాబట్టి కింద గండిలోని ఇసుక దారిలోనే నడవండి, శిఖరాల మీద కాదు. గోడ మీద పేర్లు గీకనివ్వకండి. రంగు ఇసుక సంచిలో తెచ్చుకోకండి. బైకు, జీపు లోపలికి పోనివ్వకండి, టైరు జాడ ఒక్క వానాకాలంలో కాలువ అవుతుంది. వాన పడిన మూడు రోజుల దాకా అసలు లోపలికి వెళ్ళొద్దు.

దారి తప్పడం ఇక్కడ చాలా సులువు. ప్రతి గండీ ఒకేలా ఉంటుంది, గోడల మధ్య ఫోను సిగ్నలు పడిపోతుంది. లోపలికి వెళ్ళేటప్పుడు ప్రతి చీలిక దగ్గర వెనక్కి తిరిగి ఒక ఫొటో తీయండి. వచ్చేటప్పుడు చూసే దృశ్యం అదే. అయినా తప్పితే గోడ ఎక్కే ప్రయత్నం చేయకుండా ఇసుకలో నీరు పారిన గీతలు చూడండి. నీరు దిగే వైపు పోతే ఆఖరుకు సముద్రం వైపు తేలతారు, అక్కడి నుంచి రోడ్డు అందుతుంది.

3:45కి చేరండి. అరగంట లోపలికి, అరగంట వెనక్కి. 4:30–5 మధ్య పడమటి ఎండ గోడల మీద పడినప్పుడు రంగు నిజంగా కనిపిస్తుంది. 5:10కల్లా బయటికి రావాలి. లోపల నీడ, నీళ్ళు, మరుగుదొడ్డి ఏమీ ఉండవనుకునే వెళ్ళండి. మనిషికి లీటరు నీళ్ళు దిబ్బల కోసమే వేరుగా ఉంచుకోండి. మీ అత్తయ్య గారిని ఇసుకలో నడిపించకండి, మెత్తటి ఇసుక మోకాలికి మెట్లకంటే కష్టం. మొదటి వంద అడుగుల్లోనే మంచి గోడ ఒకటి కనిపిస్తుంది, అక్కడ కుర్చీ వేసేయండి.

900కె
కారు లేనివాళ్ళు కూడా ఈ చర్చ చదువుతారు కాబట్టి చెబుతున్నాను. రైల్వే స్టేషన్ నుంచి బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వెళ్ళే ఆర్టీసీ సిటీ బస్సు 900కె. ఎక్కేముందు "బీచ్ రోడ్డేనా" అని కండక్టర్‌ను అడగండి. భీమిలి అని బోర్డు ఉన్నా హైవే మీదుగా తగరపువలస చుట్టి వెళ్ళే బస్సులు ఉన్నాయి, వాటిలో ఎక్కితే సముద్రం కనిపించదు, తొట్లకొండ రాదు. వెళ్ళేటప్పుడు కుడివైపు కిటికీ పట్టుకోండి.

బస్సులో వచ్చేవాళ్ళు ఒకే కొండ పెట్టుకోవాలి. తొట్లకొండ స్టాపులో దిగితే పైకి ఎక్కుడు రోడ్డు, నడిస్తే అరగంట నుంచి ముప్పావుగంట. 2025 ఆగస్టులో మొదలైన రెండంతస్తుల పర్యాటక బస్సు ఆర్కే బీచ్ నుంచి తొట్లకొండ దాకా తిరుగుతుంది, అది భీమిలి వెళ్ళదు. దిబ్బల దగ్గర చీకటి పడ్డాక బస్సు కోసం రోడ్డు మీద నిలబడటం మంచిది కాదు. ఐదుకల్లా రోడ్డెక్కండి.

నడకదారి
ఇంకో మూడు సందేహాలు. పిల్లలు నీళ్ళలో దిగాలంటారు, ఎక్కడ దించొచ్చు? డ్రోన్ ఎగరేయవచ్చా? భోజనం భీమిలిలోనా, దారిలోనా?

తెరచాప
నీళ్ళకు రుషికొండ ఒక్కటే చెబుతాను. శుభ్రత, భద్రతలకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ అంతర్జాతీయ గుర్తింపు 2020లో వచ్చిన బీచ్ అది. ఈతకు హద్దు గీత ఉంటుంది, లైఫ్‌గార్డులు ఉంటారు. కానీ మీ వరసలో అది చీకటి పడ్డాక వస్తుంది, చీకట్లో దించకండి. కావాలంటే పొద్దున భీమిలి ఒడ్డున మోకాలి లోతు వరకు, పెద్దవాళ్ళు చేయి పట్టుకుని. గోస్తని కలిసే మొగ దగ్గర మాత్రం వద్దు. నీరు నిశ్చలంగా కనిపిస్తుంది, పాటు తీసేటప్పుడు నది నీరంతా ఆ సన్నటి సందులోంచే సముద్రంలోకి పోతుంది. అడుగు ఇసుక కూడా రోజురోజుకూ మారుతుంది.

ఒడ్డున ఐదు నిమిషాలు నిలబడి నీటిని చదవడం పిల్లలకు నేర్పండి. అలలు వరసగా విరుగుతున్న చోట్ల మధ్య ఒకచోట విరగకుండా నల్లగా, ప్రశాంతంగా ఉంటే అది లోపలికి లాగేసే పాయ. ఒడ్డుకు వచ్చిన నీరు అక్కడి నుంచి తిరిగి పోతుంది. కొత్తవాళ్ళు అలలు లేవని అక్కడే దిగుతారు. ఎవరైనా చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకూడదు, ఎంత బలమున్నవాళ్ళకైనా శక్తి అయిపోతుంది. తేలుతూ, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, అలలు విరిగే చోటికి వచ్చాక వాటితో పాటు ఒడ్డుకు రావాలి. కాపాడాలని వెనకే దూకకండి. తాడో, ఖాళీ నీళ్ళ క్యానో విసరండి.

ఇంకొకటి. అల్పపీడనం ఎక్కడో దూరాన ఉన్నా రెండు రోజుల ముందే ఇక్కడ అలలు లేస్తాయి. ఆకాశం నిర్మలంగా ఉందని నమ్మొద్దు. ఇన్‌కాయిస్ ఎత్తైన అలల హెచ్చరిక ఉంటే తోరణం, ఈత రెండూ ఆ రోజుకు లేవు.

గోస్తని గట్టు
డ్రోన్ ఇంట్లో వదిలి రండి. తూర్పు నౌకాదళానికి విశాఖే కేంద్రం, భీమిలి దారిలోనే ఐఎన్‌ఎస్ కళింగ అనే నౌకాదళ స్థావరం ఉంది. దాని ప్రహరీ వెంట కారు ఆపడం, ఫోనుతో వీడియో తీయడం కూడా వద్దు. కాపలావాళ్ళు ఆపి ఫోను చూపించమంటారు.

భోజనం తొట్లకొండ దిగాక రుషికొండ – మంగమారిపేట మధ్య తినండి. 1:15కి కూర్చుంటే 2 గంటలకు తోరణానికి సరిపోతుంది. టిఫిను మాత్రం భీమిలిలో 9:30కి, కొండ దిగాక. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేట నిషేధం, ఆ రోజుల్లో వచ్చేవాళ్ళు తాజా చేప గురించి ఆశ తగ్గించుకోవాలి. డిసెంబరులో ఆ ఇబ్బంది లేదు.

నీళ్ళు మనిషికి మూడు లీటర్లు, మధ్యాహ్నానికే సగం అయిపోవాలి. అవ్వలేదంటే తక్కువ తాగుతున్నట్టు. రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పెట్టుకోండి. సముద్రపు గాలికి చల్లగా అనిపించి చెమట తెలియదు, సాయంత్రానికి తలనొప్పి వచ్చేది దానివల్లే. ఆదివారం సాయంత్రం రుషికొండ నుంచి నగరంలోకి వచ్చే దారి నిండిపోతుంది, 7 గంటలు అన్నది 7:30 అనుకోండి.

ఎర్రమన్ను
పిల్లలున్నారు కాబట్టి ఒక పని చెబుతాను. మంగమారిపేట దగ్గర పాటు వేళ ఇసుకలో నల్లటి చారలు, ముదురు గులాబీ చారలు కనిపిస్తాయి. నల్లవి ఇల్మనైట్, గులాబీవి గార్నెట్. ఒక చిన్న అయస్కాంతాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఇసుక మీద తిప్పితే కొన్ని నల్ల రేణువులు అంటుకుంటాయి, సంచి తిరగేస్తే రాలిపోతాయి. వెనకున్న కొండలు ఖొండలైట్ రాయి, అందులో గార్నెట్ ఉంటుంది. రాయి శిథిలమై, వాగుల్లో దిగి, బరువైన రేణువులను అల ఒక చారగా వడపోసి వదిలింది. పొద్దున తొట్లకొండ మీద రాతి పలకల్లో కూడా ఆ ఎర్రటి చుక్కలు వెతకమనండి.

నడకదారి
మార్చిన వరస ఇదీ. అమావాస్య తర్వాతి ఆదివారం: 6:00 ఆర్కే బీచ్. 6:50 భీమిలి, తీరం, దీపస్తంభం, సమాధులు, గంటస్తంభం. 8:15–9:30 పిల్లలతో పావురాలకొండ, అత్తయ్య చర్చి దగ్గర. 9:30 టిఫిను. 10:45–12:45 తొట్లకొండ. 1:15 భోజనం. 2:00–3:15 మంగమారిపేట. 3:45–5:10 దిబ్బలు. తర్వాత నేరుగా విశాఖ. ఇంకేమైనా సర్దాలా?

తెరచాప
అమావాస్య మరునాడా, మూడో నాడా చూసుకోండి. మూడో నాడైతే పాటు మూడున్నర, నాలుగు దాకా జరుగుతుంది, అప్పుడు దిబ్బల వేళను మింగేస్తుంది. అలా పడితే తోరణానికి 2:45కి వెళ్ళి, నీరు ఇంకా దిగుతుండగానే 3:25కి బయల్దేరండి. నీరు తగ్గుతున్నప్పుడు చూడటం, పెరుగుతున్నప్పుడు చూడటం కంటే ఎప్పుడూ క్షేమమే.

లాంతరు
ఆదివారం పొద్దున చర్చిలో ప్రార్థన ఉంటుంది. అత్తయ్య గారిని ఆ సమయంలో తీరాన బల్ల మీద కూర్చోబెట్టి, చర్చిని ప్రార్థన అయ్యాక చూడండి. లోపలికి వెళ్ళాలంటే అక్కడున్నవాళ్ళను అడిగి, చెప్పులు, ఫోనుల విషయం వాళ్ళు చెప్పినట్టు చేయండి. సమాధుల దగ్గరికి మాత్రం 7:15 దాటనివ్వకండి, టార్చి అవసరం లేకుండానే అక్షరాలు కనిపించే వేళ అది.